రక్తంలో ఉన్నది వంశం కాదు, వైరస్

బెంగళూరులోని మా మారతహళ్ళి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒక ఆడియో తిరుగుతోంది. లివర్ క్యాన్సర్ తాగేవాళ్ళకీ, వంశంలో ఉన్నవాళ్ళకీ మాత్రమే వస్తుందట. వంశంలో ఉంటే తప్పించుకోలేరట. అలాంటి ఇంటికి పిల్లనివ్వకూడదట. ఆ చివరి మాటకి నాకు కడుపు మండింది. మాది అలాంటి ఇల్లే.

అనంతపురంలో మా మేనమామలిద్దరూ ఈ జబ్బుతోనే పోయారు. ఇద్దరూ మందు ముట్టి ఎరగరు. "వాళ్ళ రక్తంలోనే ఉంది" అని ఊరంతా అనేసింది. చిన్న మామయ్యకి జబ్బు బయటపడ్డప్పుడు ఇక్కడి డాక్టరు ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష రాశారు. అమ్మమ్మకీ, మామయ్యకీ, మా అమ్మకీ హెపటైటిస్ బి పాజిటివ్.

ఇది లివర్‌కి పట్టే వైరస్, ప్రసవమప్పుడు తల్లి నుంచి బిడ్డకి సోకవచ్చు. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి దానంతటదే పోతుంది. పుట్టగానే సోకితే మాత్రం నూటికి తొంభై మందిలో ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి లివర్‌ని దెబ్బతీస్తూ, తన డీఎన్ఏని మన కణాల డీఎన్ఏలో దూర్చేస్తుంది, అలా క్యాన్సర్‌కి దారితీయగలదు. ఒక్క తల్లి బిడ్డలకే వరుసగా జబ్బు వస్తుంటే చూసేవాళ్ళు వంశం అనుకోరా మరి! నిజంగా వంశమే అయితే టీకాకి లొంగకూడదు. తైవాన్‌లో 1984 నుంచి పసిబిడ్డలకి ఈ టీకా వేశారు, పిల్లల్లో లివర్ క్యాన్సర్ దాదాపు సగానికి పడిపోయింది. మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే ఈ టీకాని చవకగా తెచ్చింది. పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడాలి.

వంశం నుంచి వచ్చేవి అసలు లేవనను. లివర్లో ఇనుము పేరుకుపోయే హీమోక్రొమటోసిస్ లాంటివి ఉన్నాయి, కానీ మన దగ్గర అరుదు.

మందు సంగతి: అది కారణమే, ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ సి అనే మరో వైరస్, షుగరు, ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్ కూడా అక్కడికే తీసుకెళ్ళగలవు.

"బూజు పట్టిన వేరుశనగలైనా వేయిస్తే విషం పోతుంది" అని కూడా ఉంది ఆ ఆడియోలో. పోదు. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ వంటింటి వేడికి పూర్తిగా నశించదు. లివర్ కణానికి కాపలా కాసే పీ53 జన్యువులో ఒక్క అక్షరాన్ని మార్చేయగలదు. జన్యువే మారింది, నిజమే, కానీ ఆ మార్పు లివర్లోనే పుట్టింది, పిల్లలకి పోదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి ఈ విషం కూడా తోడైతే ముప్పు ఎన్నో రెట్లు. అందుకే బెంగళూరు బసవనగుడిలో జరిగే వేరుశనగల జాతర కడలెకాయి పరిషెలో కొన్న కాయల్ని కూడా అమ్మ ఒలిచి, చాటలో పోసి, ముడుచుకుపోయినవీ పచ్చబూజు పట్టినవీ ఏరి పారేస్తుంది.

ఇక పెళ్ళి మాట. హెపటైటిస్ బి ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకోబెట్టుకున్నా అంటదు. రక్తంతో, లైంగిక సంబంధంతో అంటుతుంది. పెళ్ళికి ముందే అవతలివాళ్ళు పరీక్ష చేయించుకుని టీకా పూర్తిచేస్తే భయం లేదు. నాకూ చెల్లికీ నెగటివ్. అమ్మ రోజూ మాత్ర వేసుకుంటోంది, ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి బెంగళూరు వస్తోంది. మొన్న కూడా ఏమీ లేదన్నారు.