గాలి కోసం ఆగిన ఊరికి గంటల లెక్కా?

క్రూయిజ్ ఓడ మలేషియాలోని మలక్కా ఒడ్డుకు రాదు. దూరంగా లంగరు వేసి, చిన్న బోట్లలో జనాన్ని జెట్టీకి దింపుతుంది. చొక్కాకు గ్రూపు నంబరు స్టిక్కరు, ముందు జెండా పట్టుకున్న గైడు. ఎర్ర రంగు క్రైస్ట్ చర్చి ముందు ఫొటో, కొండెక్కితే కప్పు లేని సెయింట్ పాల్ చర్చి, దిగితే పోర్చుగీసు కోటలో మిగిలిన ఒక్క ద్వారం, ఆపైన జోంకర్ వీధిలో షాపింగ్. ఆఖరి బోటు తప్పిపోతుందేమోనన్న టెన్షన్ మాత్రం దిగినప్పటి నుంచీ వెంటే ఉంటుంది.

ఈ నాలుగైదు గంటల హడావిడి మీదే నా అభ్యంతరం. మలక్కా మనుషులు ఆగడం వల్ల పెరిగిన ఊరు. తెరచాపల కాలంలో మన తూర్పు వైపు కోరమాండల్ తీరం నుంచి ఒక రుతుపవనంతో వెళ్లిన వర్తకుడు గాలి తిరిగేదాకా వెనక్కి రాలేడు. చైనా ఓడలు మరో గాలికి వచ్చేవి. నెలల తరబడి ఆగినవాళ్లు గిడ్డంగులు కట్టుకున్నారు, అక్కడి ఆడపిల్లలను పెళ్లాడారు, గుళ్లూ మసీదులూ కట్టారు. 1511లో పోర్చుగీసులు పట్టుకునేనాటికే అక్కడ విదేశీ వర్తకుల వ్యవహారాలు చూడ్డానికి నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు.

మన తీరం నుంచి వెళ్లినవాళ్లను అక్కడ 'క్లింగ్' అన్నారు. కళింగ నుంచి వచ్చిన మాట అది. ఇప్పుడు మలేషియాలో భారతీయులను అలా పిలిస్తే తిట్టినట్టే, కానీ మలక్కాలోని 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు పేరులో అది నిలిచిపోయింది. మూడంతస్తుల పిరమిడ్ కప్పు, పగోడాలాంటి మినార్. 1641లో ఊరిని గెలిచిన డచ్చివాళ్లు మచిలీపట్నంలో అద్దకం బట్టలు కొని, తూర్పు దీవుల్లో వాటితో సుగంధ ద్రవ్యాలు కొనేవారు. తెలుగు యాత్రికుడికి ఈ ముక్క చెప్పకుండా ఫొటో తీయించి పంపేయడం నిజంగా అన్యాయం.

క్రూయిజ్ ప్రయాణికుడి తిండీ పడకా ఓడలోనే కాబట్టి ఊరికి దక్కే డబ్బూ తక్కువే. టూరులో రెండు మజిలీలు తీసేయమంటాను. అలా మిగిలే గంటన్నర ఆ మసీదు ఉన్న వీధికివ్వాలి. పక్కనే 1781లో మలక్కా చెట్టిలు కట్టుకున్న వినాయకుడి గుడి, కాస్త ముందుకెళితే చీనీయుల చెంగ్ హూన్ తెంగ్ ఆలయం. ఆ చెట్టిలు తమిళ వర్తకుల వారసులు. పూజ శైవ పద్ధతిలోనే చేస్తారు, ఇంట్లో మాత్రం మలయ్ మాట్లాడుకుంటారు.