నిర్ణయమయ్యాక అడిగే అభిప్రాయం

మున్సిపాలిటీ ఒక ముసాయిదా ప్రకటిస్తుంది. అభ్యంతరాలుంటే గడువులోగా తెలపాలంటూ నోటీసు బోర్డుకు కాగితం అంటిస్తుంది. గడువు ముగిశాక ప్రజాభిప్రాయం సేకరించామని ఫైలులో రాసుకుంటుంది. మన పట్టణాల్లో పౌర భాగస్వామ్యం పేరిట నడుస్తున్న తంతు చాలావరకు ఇదే. ఆపైన, జనానికి ఊరి వ్యవహారాలు పట్టవనీ, సభ పెడితే కుర్చీలు ఖాళీగా ఉంటాయనీ అధికారులూ నాయకులూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబుతారు. ఆ మాటతో నేను ఏకీభవించను. తేల్చే అధికారం లేని సభ అని తెలిసిన మనిషి అక్కడికి వెళ్లకపోవడం బద్ధకం అనిపించుకోదు, అది లోకజ్ఞానం.

చట్టాలకు మనకు కొరత లేదు. పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండితీరాలని 243-ఎస్ అధికరణం నిర్దేశించింది. నగరాల అభివృద్ధికి 2005లో కేంద్రం మొదలుపెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద కేంద్ర నిధులు కావాలంటే పౌర భాగస్వామ్య చట్టం చేయాలన్న షరతు వచ్చాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా వార్డు కమిటీలకు, వార్డులోని పేటల వారీ ఏరియా సభలకు చట్టంలో చోటు కల్పించింది. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టంలోనూ వార్డు కమిటీల ప్రస్తావన ఉంది. ఇన్ని ఉన్నా, తన వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగిన పట్టణవాసిని వెతికి పట్టుకోవడం కష్టం. నిధుల కోసం పుట్టిన చట్టం నిధులు అందగానే బీరువాలోకి వెళ్లిపోయింది.

ఆస్తి పన్ను సంగతే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువను బట్టి వేసే పన్ను స్థానంలో మూలధన విలువను, అంటే ఆస్తి ఖరీదును బట్టి పన్ను వేసే విధానం 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. నిజానికి లెక్కలో పారదర్శకత పెరుగుతుందన్న వాదనలో కొంత బలం ఉంది. నన్ను ఆలోచింపజేసేది అది వచ్చిన సమయం. చట్టానికి రూపం వచ్చింది 2020 చివర్లో. అప్పటికి రాష్ట్రంలోని చాలా పట్టణాల్లో పాలకవర్గాల పదవీకాలం ముగిసి ఏడాది దాటింది, మున్సిపల్ ఎన్నికలు జరిగిందేమో 2021 మార్చిలో. అంటే, ఊరి ఇళ్ల మీద పన్ను ఏ ప్రాతిపదికన వేయాలో తేల్చిన రోజుల్లో ఆ ఊరి తరఫున మాట్లాడే ఎన్నికైన కౌన్సిలర్ ఒక్కరూ లేరు. కొత్తగా గెలిచిన కౌన్సిలర్ పదవీ ప్రమాణం చేసేసరికి నిర్ణయం అయిపోయి ఉంది. పన్ను ఎందుకు పెరిగిందని అడిగితే కౌన్సిలర్ ప్రభుత్వాన్ని చూపించాడు, కమిషనర్ జీవోను చూపించాడు, ప్రభుత్వమేమో ఏటా పెంపు పదిహేను శాతం దాటదని సర్దిచెప్పింది. పన్ను కట్టే మనిషికి నిలదీయడానికి ఎదుట ఎవరూ మిగల్లేదు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. పన్ను వేసేవారు, ఆ డబ్బు ఖర్చు చేసేవారు, ఆ ఖర్చుకు జవాబు చెప్పేవారు ఒకే చోట దొరికితేనే పౌరుడు ఆ చోటుకు వస్తాడు. హైదరాబాద్‌లో మంచినీటికీ మురుగుకూ ఒక బోర్డు, ప్రణాళికకూ లేఅవుట్లకూ ఒక అథారిటీ, చెత్తకూ వీధి దీపాలకూ కార్పొరేషన్. వీధిలో రోడ్డు తవ్వి పూడ్చకపోతే ఫిర్యాదు ఎవరికివ్వాలో తేల్చుకోవడానికే ఒక పూట పడుతుంది. ఇలాంటి ఏర్పాటులో వార్డు సభ పెట్టి, జనం రాలేదని నిట్టూర్చడం కన్నా హాస్యాస్పదం ఉండదు.

జనానికి ఆసక్తి లేదన్న మాట తప్పని నిరూపించడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ సాగు భూములు పారిశ్రామిక జోన్‌లో ఉన్నాయని తెలిసి చుట్టుపక్కల రైతులు రోడ్డెక్కారు. చివరికి మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదా రద్దు కోరుతూ తీర్మానం చేయాల్సి వచ్చింది. జగిత్యాలలోనూ అదే జరిగింది. అంతకు పదేళ్ల ముందు, 2013లో, సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశా నియమగిరిలో పన్నెండు పల్లె సభలు జరిగితే పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. అక్షరాస్యత తక్కువని, బయటి లోకం తెలియదని మనం అనుకునే కొండ పల్లెల జనం సభకు వచ్చి, ప్రతి మాటా విని, తమ మాట తెగేసి చెప్పారు. కాదనే హక్కు చేతిలో ఉందని వాళ్లకు తెలుసు కాబట్టే వచ్చారు. కామారెడ్డి రైతులకు ఆ హక్కు ముందే ఇచ్చి ఉంటే, గీత గీయకముందే వాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే, రాస్తారోకోలు, ధర్నాల అవసరమే ఉండేది కాదు.

ఎదుటి వాదన ఒకటుంది. ప్రజల చేతికి పన్ను వదిలేస్తే ఎవరూ పెంచనివ్వరనీ, సభలను కాలనీ సంఘాల పెద్దలు కబ్జా చేసి బస్తీల గొంతు నొక్కేస్తారనీ, ప్రతి రోడ్డుకూ సభ పెడితే ఏ పనీ కదలదనీ అంటారు. రెండోది నిజమైన ప్రమాదమే. అందుకే సభ్యులను పాలకవర్గం నామినేట్ చేసే పద్ధతి పోవాలి, బస్తీలకు విడిగా సభలు ఉండాలి. మొదటిదానికి మాత్రం కేరళ జవాబు చెప్పింది. 1996లో అక్కడ ప్రజాప్రణాళిక మొదలైనప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు బదలాయించి, ఎలా వాడాలో గ్రామసభలను, వార్డు సభలను అడిగారు. తర్వాతి ఏళ్లలో ఉత్సాహం కొంత తగ్గి ఉండవచ్చు గానీ, డబ్బు చేతికిస్తే జనం తగలేస్తారన్న భయం నిజం కాలేదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లోనే బడ్జెట్‌ను పేటల వారీ సభల ముందుకు తెచ్చింది. పన్ను కట్టడానికి మనిషి వెనకాడేది ఆ డబ్బు ఎటు పోతుందో కనబడనప్పుడే.

కనబడాలంటే లెక్క చదవగలిగేలా ఉండాలి. మన మున్సిపల్ బడ్జెట్లు పద్దుల పేర్లతో, కోడ్లతో నిండి ఉంటాయి. వార్డు నుంచి ఎంత వసూలైంది, వార్డులో ఎంత ఖర్చయింది, బకాయిలు ఎవరివి అన్న సమాచారం ఒక్క పేజీలో తెలుగులో ఇచ్చే మున్సిపాలిటీలు అరుదు. ఏ ఇంటికి ఎంత పన్ను బాకీ ఉందో కంప్యూటర్‌లో చూపించగల వ్యవస్థకు, ఆ ఇంటి ముందున్న డ్రైనేజీకి ఎంత ఖర్చు పెట్టిందో చూపించడం అసాధ్యమేమీ కాదు. ఆ పని చేయకపోవడానికి కారణం సాంకేతికం కాదని నా అనుమానం.

అసలు రోగం ఇంకా పైన ఉంది. స్థానిక సంస్థలను రాష్ట్ర ప్రభుత్వాలు తమ శాఖల్లో ఒకటిగానే చూస్తాయి, ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే. విశాఖ నగరపాలక సంస్థకు 2007 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. మధ్యలో సుమారు తొమ్మిదేళ్లు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులే నగరాన్ని ఏలారు. తెలంగాణ పల్లెలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా అదే పాలనలో ఉన్నాయి. పదవీకాలం ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం స్పష్టంగా చెబుతోంది. సుప్రీంకోర్టు కూడా 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో అదే విషయం గట్టిగా చెప్పింది. శాసనసభకు ఎన్నికలు ఒక్క ఏడాది ఆగితే గగ్గోలు పుడుతుంది. నగరానికి తొమ్మిదేళ్లు ఆగినా పత్రికల్లో లోపలి పేజీ వార్తే. భూసేకరణ చట్టం 2013లో ఊరిని సంప్రదించే ఏర్పాటు తెస్తే, రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు చేసుకుని చాలా ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ మదింపును, అంటే ప్రాజెక్టు వల్ల ఊరి జనానికి ఏమవుతుందో ముందే అంచనా వేసే పనిని తప్పించుకున్నాయి. రాజకీయంగా ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు ఈ ఒక్క విషయంలో ఒకే దారిన నడిచాయి.

ఈ ధోరణికి కళ్లెం వేసినది ఏదైనా ఉంటే అది డబ్బే. ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థకు గ్రాంటు ఇవ్వరాదని, కేంద్ర నిధుల పంపకాన్ని సిఫార్సు చేసే ఆర్థిక సంఘం (15వది) గ్రాంట్లకు షరతు వచ్చింది. ఎన్నికలు వాయిదా వేసింది రాష్ట్రమైతే గ్రాంటు పోగొట్టుకున్నది ఊరు కావడం అన్యాయమే గానీ, వాయిదాకు మూల్యం ఉంటుందని ప్రభుత్వాలకు తెలిసొచ్చింది. ఆ షరతుకు ఇంకొకటి జతచేయాలి. బడ్జెట్ ఆమోదానికి ముందు ప్రతి వార్డులో సభ జరిపి, వార్డు వారీ ఆదాయ వ్యయాలు ప్రకటించి, సభ చేసిన తీర్మానాల్లో వేటిని ఎందుకు తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పిన మున్సిపాలిటీకే ఆ ఏడాది గ్రాంటు విడుదల కావాలి, రాష్ట్ర ప్రభుత్వ తప్పిదం వల్ల అది ఆగితే ఆ మొత్తాన్ని రాష్ట్రమే భర్తీ చేయాలి. 2005 నాటి షరతు చట్టం చేయడంతో తీరిపోయింది. ఇది ఏటా తీర్చాల్సిన షరతు కావాలి.