కోచ్‌కి మార్కులు వేసే ముందు జీతాల పద్దు చూడండి

జట్టు వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే కోచ్ ఉద్యోగం ఊడుతుంది. కొత్తవాడొచ్చి రెండు గెలిస్తే ఏదో మంత్రం వేశాడంటారు. యూరప్ ఫుట్‌బాల్‌లో ఏటా నడిచే ఈ తంతులో నాకు మంత్రమేమీ కనిపించదు. జట్టు తన అసలు స్థాయి కంటే కిందికి పడ్డప్పుడే వేటు పడుతుంది. అక్కణ్నుంచి ఎవరున్నా పైకి రావడమే మిగులుతుంది. డచ్ లీగ్‌పై ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ చేసిన అధ్యయనం తేల్చింది కూడా ఇదే: అంతే ఘోరంగా ఆడి కోచ్‌ని మార్చని క్లబ్బులూ దాదాపు అదే తీరులో కోలుకున్నాయి.

ఇంగ్లండ్‌లో కొన్నేళ్ల సగటు తీస్తే, ఏ క్లబ్ ఎన్నో స్థానంలో ఉంటుందో ఆటగాళ్ల జీతాల బిల్లే చాలావరకు చెప్పేస్తుంది. కాబట్టి కప్పులు లెక్కపెట్టి కోచ్‌ని పొగడటం దండగ. ఇచ్చిన డబ్బుకు రావాల్సినదాని కంటే ఎంత ఎక్కువ రాబట్టాడో చూడాలి.

మరి మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా పేరుమోసిన ఫెర్గూసన్ మాటేమిటంటారా? నిజమే, 2013లో అతను టైటిల్ గెలిచి తప్పుకున్నాక, దాదాపు అదే మాంచెస్టర్ యునైటెడ్ మరుసటి ఏడాది ఏడో స్థానానికి జారింది. అలాంటివాళ్లు ఉన్నారు, కానీ వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పైగా 1986లో చేరిన ఫెర్గూసన్ తొలి లీగ్ టైటిల్ గెలిచింది 1993లో. ఇప్పటి యజమానులైతే అంతవరకూ ఆగేవారా?

ఈ వాదనకు అసలు బలం జర్మన్ కోచ్ యుర్గెన్ క్లాప్ కథలో ఉంది. 2014-15 సీజన్ సగం ముగిసేసరికి అతని క్లబ్ డార్ట్‌మండ్ జర్మన్ లీగ్‌లోని 18 జట్లలో 17వ స్థానంలో ఉంది. చివరికి ఏడో స్థానంతో ముగించి క్లాప్ తప్పుకున్నాడు. పాయింట్ల పట్టిక చూస్తే అతని పని అయిపోయినట్టే. అప్పట్లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌లో గణాంకాలు చూసిన ఇయాన్ గ్రాహం మాత్రం స్కోర్లు పక్కనపెట్టాడు. డార్ట్‌మండ్‌కి ఎలాంటి గోల్ అవకాశాలు దొరికాయి, ప్రత్యర్థులకి ఎలాంటివి ఇచ్చింది అని ఆరా తీశాడు. ఆ లెక్కన ఆ జట్టు రెండో స్థానంలో ఉండాల్సింది! కోచ్ తన పని చేశాడు, బంతి గోల్‌లోకి వెళ్లలేదంతే. అదే క్లాప్ 2015 అక్టోబరులో లివర్‌పూల్ చేరి 2019లో యూరప్ మేటి క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు.

అతని తర్వాత వచ్చిన ఆర్నే స్లాట్, దాదాపు క్లాప్ జట్టుతోనే 2024-25 టైటిల్ కొట్టాడు. అందులో ఎవరి వాటా ఎంత? ఆ వేసవిలో కొత్త ఆటగాళ్లపై కోట్లు కుమ్మరించాక, లీగ్‌లో వరుసగా నాలుగు ఓడారు. ఆరు నెలల్లో స్లాట్ బుర్ర కరిగిపోయిందనుకోవాలా?

నిజానికి ఈ జబ్బు ఒక్క ఫుట్‌బాల్‌ది కాదు. లాభాలొస్తే సీఈఓ దార్శనికుడు, నష్టాలొస్తే అతన్నే మార్చేస్తారు. ప్రభుత్వం ఏం కట్టినా దానిమీద ఒక్కరి ఫొటోయే. వేలమంది చేసిన పనికి ఒకే ముఖం అతికిస్తే తప్ప మనకు తోచదు. ఆ ముఖాన్ని పూజించడమో, దానిమీద రాళ్లేయడమో చేస్తే విశ్లేషణ అయిపోయినట్టే.

2016లో ఎవరూ ఊహించని లెస్టర్ సిటీ ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచిన అద్భుతాన్ని కోచ్ క్లాడియో రనియెరి ఖాతాలో రాశాం. 2017 జనవరిలో ఫిఫా అతన్ని ఉత్తమ కోచ్ అంది, ఫిబ్రవరిలో క్లబ్ ఇంటికి పంపింది. 2016 వేసవిలోనే లెస్టర్ మిడ్‌ఫీల్డ్‌ని మోసిన ఎన్గోలో కాంటె చెల్సీకి వెళ్లి, అక్కడా టైటిల్ గెలిచాడు. కాంటెని ఫ్రాన్స్‌లోని ఒక చిన్న క్లబ్‌ నుంచి లెస్టర్‌కి తెచ్చిన ఘనత ఆటగాళ్ల ఎంపిక చూసే స్టీవ్ వాల్ష్‌ది. అతనూ ఆ వేసవిలోనే ఎవర్టన్‌కి వెళ్లిపోయాడు. రనియెరి తొలగింపుపై రోజుల తరబడి చర్చలు పెట్టినవాళ్లలో వాల్ష్ పేరెత్తినవాళ్లు ఎందరు?