సిబ్బందే మా తొలి ఖాతాదారు (షరతులు వర్తిస్తాయి)

బ్యాంకు ఉద్యోగిని కూడా కస్టమరుగానే చూడాలని మార్కెటింగ్ పండితుడు లెనార్డ్ బెర్రీ 1981లోనే రాశాడు. ఉద్యోగాన్ని ముందు సిబ్బందికి నచ్చేలా చేస్తే, వాళ్లు బయటివాళ్లకు బాగా సేవ చేస్తారని ఆయన లెక్క. మన శ్రీకాకుళం జిల్లాలో ఈ సిద్ధాంతం ఆయన ఊహించనంత నిష్ఠగా అమలవుతోంది. మార్చి 31 సాయంత్రం బీమా టార్గెట్‌కు రెండు పాలసీలు తగ్గితే, ఆ రెండూ కొనేది సిబ్బందే. అంతర్గత మార్కెటింగ్ అంటే ఇంతకన్నా ఏముంటుంది?

బ్యాంకులో నాయకులు మూడు రకాలు. ఈ ఘనత మొదటి రకానిది, అంటే టార్గెట్ నాయకుడిది. పని చేస్తే బహుమతి, చేయకపోతే శిక్ష అన్నది ఈయన శాస్త్రం. బహుమతి రీజనల్ ఆఫీసులోనే ఆగిపోతుంది, శిక్ష మాత్రం పొద్దున్నే వాట్సాప్‌లో ఎర్రరంగు పట్టికగా దిగుతుంది. లోను కోసం వచ్చినవాడికి పాలసీ అంటగట్టడం దీని ఫలితమే. ఫ్రీలుక్ గడువు (నచ్చకపోతే పాలసీ తిరిగిచ్చేసే వీలు) ముప్పై రోజులు కాబట్టి మార్చిలో అమ్మిన పాలసీ ఏప్రిల్లో తిరిగొస్తుంది. పర్వాలేదు, పట్టిక మార్చిదే కదా.

మార్కెట్ దృష్టికి, అంటే ఖాతాదారుకు ఏం కావాలో తెలుసుకుని నడవడానికి, మూడు మెట్లని మార్కెటింగ్ పరిశోధకులు కోహ్లీ, జవోర్‌స్కీ 1990లో చెప్పారు: సమాచారం సేకరించడం, సంస్థ లోపల పంచడం, దానికి తగ్గట్టు కదలడం. పలాసలో మొదటి మెట్టుకు లోటు లేదు. "సారూ, పిక్కలొచ్చీసాయి, లిమిట్ ఇప్పుడివ్వకపోతే వానల్లో ఇచ్చి ఏటి లాభం?" అని జీడి వ్యాపారి కౌంటరు దగ్గరే చెప్పేస్తాడు. పిక్కలంటే జీడిగింజలు, లిమిట్ అంటే సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే అప్పు హద్దు. పలాస చుట్టుపక్కల జీడితోటల ప్రాంతమైన ఉద్దానం పిక్కలు ప్రధానంగా మార్చి నుంచి మే దాకా దిగుతాయి. 80 కిలోల బస్తాలు అప్పుడే కొని గోడౌన్ నింపుకుంటే తర్వాతి నెలల్లో ఫ్యాక్టరీ నడుస్తుంది. సరిగ్గా అప్పుడే బ్యాంకుకు మార్చి క్లోజింగ్, అంటే ఏడాది లెక్కల ముగింపు. పట్టికలో పిక్కల గడి లేదు కనుక ఆ మాట కౌంటరు దాటదు. ఎలాగో దాటిన ఫైలు మే చివర్లో ఒక ప్రశ్నతో తిరిగొస్తుంది: స్టాకు ఇంత తక్కువగా ఉంటే, డ్రాయింగ్ పవర్ (స్టాకు విలువను బట్టి వాడుకోగల అప్పు) లేని ఖాతాకు లిమిట్ పెంపు దేనికి?

రెండో రకం, పట్టించుకోని నాయకుడి బ్రాంచిలో ఇలాంటి గొడవే ఉండదు. ఖాతాదారు అప్పటికే పక్క బ్యాంకులో ఉంటాడు.

మూడో రకం, స్ఫూర్తినిచ్చే నాయకులూ ఉన్నారు, అయితే పుట్టినరోజు కేకు కోసి, తెర మీద సింహం బొమ్మ చూపించేవాళ్లను ఈ లెక్కలో కలపకూడదు. అసలువాళ్లు ఫిబ్రవరిలోనే పలాస పక్కనున్న కాశీబుగ్గ గోడౌన్లు తిరుగుతారు. ఫీల్డాఫీసరును పక్కన కూర్చోబెట్టుకుని, కిందటేడు సీజన్ స్టాక్ స్టేట్‌మెంట్లు చూసి, అడ్‌హాక్ లిమిట్ (సీజనుకు తాత్కాలికంగా పెంచే అప్పు హద్దు) ప్రతిపాదన క్లోజింగ్‌కు ముందే పంపిస్తారు. కౌంటరు గుమాస్తా చెప్పిన కబురును అతని పేరుతోనే పైకి రాస్తారు. దాంతో గుమాస్తా మర్నాడు ఇంకో కబురు తెస్తాడు. ఇలాంటివాళ్లను బ్యాంకు గుర్తిస్తుంది, వేసవి బదిలీల్లో.

కనుక పట్టికలో పిక్కల గడి కూడా చేర్చాలని మా సవినయ మనవి. చేరుస్తారు కూడా. జీడిచెట్టు నీడైనా పడని విజయనగరం టౌన్ బ్రాంచీలకూ బ్రాంచికి ఇన్ని బస్తాలని టార్గెట్ వేస్తారు. చివరి రోజు తగ్గినవి ఎవరు కొంటారో సిబ్బందిని అడగండి.