పాల లెక్క, పళ్ళాల దొంతర

(బెంగళూరు, మారతహళ్ళి. వంటింటి గట్టు మీద లాప్‌టాప్. సింకు నిండా అంట్లు.)

కామేశం: పద్మా, లెక్కల ప్రోగ్రాం రెడీ! వెయ్యిలోంచి పాల డబ్బులు తీసెయ్యి. 1000-26*30 కొట్టు.

పద్మ: 29,220 అంటోందండీ. పాలవాడు ఇంత తిరిగిస్తే ఓ నెల ఇంటద్దె కట్టెయ్యొచ్చు.

కామేశం: గుణకారం ముందు చెయ్యకుండా ఎడమ నుంచి కుడికి చేసుకుపోయింది పాపం. పోనీ, ఈ ప్రోగ్రాం రాసిన పైథాన్ భాషలో ఏది కొడితే అది నడిపేసే ఈవాల్ ఉందిగా, దానికిచ్చేస్తా.

పద్మ: మీ తమ్ముడు లెక్కకి బదులు ఫైళ్ళు చెరిపే కోడు కొడితే అదీ చేసిపెడుతుంది.

కామేశం: మధ్యలో మా తమ్ముడేం చేశాడే?

పద్మ: ఇటు చూడండి. పెద్ద పళ్ళాలు అంకెలు, చిన్నవి గుర్తులు. రెండు దొంతర్లు. గుర్తుల్లో గుణకారం, భాగహారం పెద్దవి; కూడిక, తీసివేత చిన్నవి. కొత్త గుర్తు పెట్టేముందు పైనున్న గుర్తు దానికి సమానమో, పెద్దదో అయితే ముందు పైనున్నదాని లెక్క తేల్చాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో చెప్పిందే.

కామేశం: సమానమైనా ఎందుకు? పైనున్నది పెద్దదైతేనే తేల్చేలా రాసేశా, చాలదూ?

పద్మ: 120-40-30 కొట్టండి.

కామేశం: 110.

పద్మ: 50 రావాలి. మీది ముందు 40లోంచి 30 తీసేసింది. ఇంకోటి, దొంతరలోంచి ముందు వచ్చేది కుడివైపు అంకె. తారుమారైతే 120-40 కాస్తా మైనస్ 80 అవుతుంది.

కామేశం: తప్పు లెక్కలు మాత్రం రానివ్వను. ఖాళీలన్నీ ముందే తీసేస్తున్నా, బ్రాకెట్లు లెక్కపెడుతున్నా.

పద్మ: అయితే "2 3" కాస్తా 23 అయి కూర్చుంటుంది! బ్రాకెట్లూ అంతే, )5+3( లో సమానమేగా? తెరిస్తే ఒకటి కలపండి, మూస్తే ఒకటి తియ్యండి. మధ్యలో సున్నా కిందికి దిగిందా, అక్కడే ఆపెయ్యండి. చివర్లో సున్నాకే రావాలి. ప్రతి అడుగులోనూ ఇప్పుడు రావలసింది అంకా, గుర్తా అని చూసుకుంటే 5+*3 దానంతటదే దొరుకుతుంది.

కామేశం: మరి -5?

పద్మ: అంకె రావలసిన చోట మైనస్ వస్తే అది తీసివేత కాదు, ఆ అంకె గుర్తు.

కామేశం: 10/(4-4) అన్నిటికీ పాసయిందోయ్!

పద్మ: రాత తప్పు కాదుగా. భాగించే ముందు సున్నా చూడాల్సింది మీరు.

(టకటకా టైపింగ్.)

కామేశం: పాల లెక్క 220! అంకెల దొంతరలో ఒక్కటే మిగిలింది!

పద్మ: సింకులో దొంతరలో అదీ మిగలకూడదు. పీచు అక్కడే ఉంది.