రసగుల్లా మనదే అంటే నిజమా, అభిప్రాయమా?

'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' నిజం. 'పండ్లన్నిటిలో మామిడే రుచి' అభిప్రాయం. చిన్న తరగతుల వర్క్‌షీట్లలో ఈ పాఠం దాదాపు ఇలాగే ఉంటుంది. పిల్లలు ఠక్కున టిక్కు పెట్టేస్తారు, మార్కులు పడతాయి, ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. చిక్కల్లా ఏమిటంటే ఇంట్లో, సంతలో, వాట్సాప్‌లో చెవినపడే మాటలేవీ ఇంత శుభ్రంగా విడిపోయి ఉండవు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు పిల్లలకు ఇంతకన్నా మంచి సరుకు చేతిలోనే ఉంది. రసగుల్లానే తీసుకోండి. ఎవరి రకానికి వారికి, బెంగాల్‌కు 2017 నవంబరులో, ఒడిశాకు 2019 జూలైలో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర, వచ్చింది. 'ఒడిశా రసగుల్లాకు గుర్తింపు ఉంది' అన్నది చూసి తేల్చుకోగల మాట. 'మనదే బాగుంటుంది' అన్నది ఎవరి నాలుకను బట్టి వారికి. మరి 'బెంగాల్‌కు అసలు గుర్తింపే రాలేదు' అని ఒకడన్నాడనుకోండి. అది అభిప్రాయం కాదు, తప్పు. 'మొట్టమొదట పుట్టింది పూరీలోనే' అని ఇంకొకడంటే అది చరిత్రకు సంబంధించిన మాట. ఆధారాలు వెతకాలి. తగువంతా ఆ ఆధారాల మీదే!

నా దృష్టిలో వర్క్‌షీటు చెడగొట్టేది ఇక్కడే. రెండే గళ్లు ఇస్తే, నిజం కానిదంతా అభిప్రాయమేనని పిల్లలు అనుకుంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. అలాంటి రాత్రి ఎవరైనా 'గట్టు తెగింది, పరిగెత్తండి' అని ఉత్తుత్తి మెసేజ్ పెట్టి, తెల్లారాక 'అది నా అభిప్రాయం' అంటే ఒప్పుకుంటామా? కాబట్టి పిల్లలకు మొదట నేర్పాల్సిన ప్రశ్న 'ఇది నిజమా, అభిప్రాయమా' కాదు, 'దీన్ని ఎలా చూసి తేల్చుకోవచ్చు' అన్నది. తేల్చుకునే దారి ఉంటే వెళ్లి చూడాలి. లేకపోతే కారణం అడగాలి.

కారణం అడగడం ఎందుకంటే అభిప్రాయాలన్నీ ఒక్క తూకానివి కావు. 'ఏడిపించడం తప్పు' అన్న మాటను 'మామిడి రుచి' పక్కన అదే గడిలో పడేస్తే, రేపు ఆ పిల్లాడే 'తప్పనేది నీ అభిప్రాయం' అంటాడు. అనడా మరి?

పెద్దవాళ్లు ఇందులో మెరుగని నేననుకోను. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2018లో పెద్దలకే ఈ పరీక్ష పెట్టింది. తప్పో ఒప్పో తేల్చగల అయిదు వాక్యాలనూ సరిగ్గా గుర్తించినవాళ్లు 26 శాతం, అయిదు అభిప్రాయాలనూ గుర్తించినవాళ్లు 35 శాతం. తమ పార్టీకి నచ్చే మాటైతే దాన్ని నిజాల జాబితాలో వేసే మొగ్గు రెండు పార్టీలవాళ్లలోనూ కనబడింది.

అక్కడ పార్టీ చేసే పనిని మన సరిహద్దులో రాష్ట్రం చేస్తుంది. ఇంట్లో టీవీ తెలుగులో, బడిలో పాఠం ఒడియాలో. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాలు ఒడిశావా, ఆంధ్రవా అన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో అక్కడి కొన్ని ఊళ్లలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపింది, దాని మీద ఒడిశా ప్రభుత్వం కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఈ రెండూ జరిగిన సంగతులు. ఒక వైపు 'చొరబాటు', ఇంకో వైపు 'మా హక్కు' అన్నవి వాటి మీద వేసిన రంగులు. రెండు భాషల వార్తలూ పక్కపక్కన వినే పిల్లలు, ఎవరైనా చూపిస్తే, ఆ రంగును ఇట్టే పట్టేస్తారు. ఒక్క భాష వార్తలే వినేవాళ్లకు ఈ సదుపాయం లేదు.

అయితే దీనికి ఇంట్లో ఒక అడ్డుంది. 'నీకెలా తెలుసు తాతా?' అని మనవరాలు అడిగితే మన ఇళ్లలో అది ఎదురు మాట్లాడటమే. పిల్ల నోరు మూయించడం కన్నా పెద్దలే ముందు 'పేపర్లో చూశాను', 'సంతలో విన్నాను', 'నాకలా అనిపిస్తోంది' అని కలిపి చెప్పడం అలవాటు చేసుకుంటే, ఆ ప్రశ్నలోని పొగరు దానంతటదే పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు. అయినా బడిలో మొదలుపెట్టడం కన్నా ఇదే కష్టమేమో.

వయసు సంగతీ చూడాలి. ఆరేడేళ్ల పిల్లలకు తిండి, ఆటలు, వాన చాలు. రాష్ట్రాల తగాదాలు అయిదో తరగతికి ముందు వద్దు. ఆ తర్వాతైనా, రెండు ప్రభుత్వాలు కొట్టుకునే విషయాన్ని బ్లాక్‌బోర్డు మీద రెండు వైపులా రాసే టీచరు, తనకు జీతమిచ్చేది ఏ రాష్ట్రమో ఒకసారి గుర్తు చేసుకోకుండా సుద్దముక్క పట్టుకోగలడా? శిక్షణ కార్యక్రమాల్లో ఈ భయం గురించి మాట్లాడుకున్న తర్వాతే వర్క్‌షీట్లు పంచాలి.