సవరణ: ఉగాది సెలవుల్లో బాలి

ఉగాది సెలవులకు బాలి వెళ్లమని, ముందు రోజు సాయంత్రం ఓగో-ఓగో అనే రాక్షస బొమ్మల ఊరేగింపు చూసి మర్నాడు పొద్దున్న ఫ్లైట్ ఎక్కేయొచ్చని పోయిన పోస్టులో ఉంది. ఆ రెండో సగం కొట్టేసి చదువుకోండి. ఊరేగింపు మర్నాడే న్యేపి, అంటే బాలి వాళ్ల శక సంవత్సరాది, అందరూ ఇంట్లోనే నిశ్శబ్దంగా గడిపే రోజు. ఆ రోజు పొద్దున్న 6 నుంచి మర్నాడు పొద్దున్న 6 దాకా బాలిలోని దెన్‌పసార్ విమానాశ్రయం మూసేస్తారు. శంషాబాద్‌కు రావాలన్నా, ఇంకెక్కడికి పోవాలన్నా ఆ 24 గంటలూ ఫ్లైట్లు ఉండవు.

టూరిస్టులకు మినహాయింపు ఉంటుందా అని కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగారు. ఉండదండీ. హోటల్ గేటు దాటనివ్వరు, పెచలాంగ్ అనే ఊరి కాపలావాళ్లు వీధుల్లో తిరుగుతుంటారు. రాత్రి గదిలో లైటు వెలుగు బయటికి కనబడకుండా కర్టెన్లు వేసుకోవాలి. షాపులు బంద్, మొబైల్ డేటా కూడా ఆపేస్తారు. అంబులెన్సులు మాత్రం తిరుగుతాయి. పిల్లలుంటే పాలు, బిస్కెట్లు ముందు రోజే కొనిపెట్టుకోండి.

ఊరేగింపు మాత్రం వదులుకోకండి. వెదురు చట్రాల మీద గుడ్లు మిటకరించిన రాక్షస బొమ్మల్ని కుర్రాళ్లు భుజాలకెత్తుకుని కూడళ్లలో గిరగిరా తిప్పుతారు. ఆ హుషారు మన నిమజ్జనం నాటిదే.

ఇంకోటి, న్యేపి ప్రతిసారీ ఉగాది నాడే రాదు. 2026లో రెండూ మార్చి 19నే. 2024లోనైతే న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న. టికెట్ తీసే ముందు ఆ ఏటి న్యేపి తేదీ చూసుకుని, తిరుగు ప్రయాణం దాని తర్వాతి రోజుకు పెట్టుకోండి.